ర్యోకాన్ మరీ ఖరీదు, తతామీ గదిలో తక్కువకి ఉండొచ్చా?

ప్రశ్న: జపాన్ వెళ్తున్నాం. తతామీ (గడ్డి చాపలు పరిచిన) గదిలో పడుకుని వేడినీటి బుగ్గలో స్నానం చేయాలని ఎప్పటినుంచో కోరిక, కానీ ర్యోకాన్ (అక్కడి సంప్రదాయ వసతి గృహం) రేట్లు చూస్తే టెన్షన్ వస్తోంది. వేరే దారి ఉందా అండి?

జవాబు: మిన్‌షుకు అనే చిన్న బసలు చూడండి. ఇంటివాళ్లే నడుపుతారు, చాలాచోట్ల పరుపు మనమే పరుచుకోవాలి, స్నానాల గది అందరికీ ఒకటే, అయినా ఆ ఇంటి వంట తింటుంటే కలిగే ఆనందం వేరు. గొకయామా కొండ ప్రాంతంలోని ఐనొకురా అనే పల్లెలో పాత గడ్డికప్పు ఇళ్లలోనే ఉండొచ్చు.

జవాబు: కొన్ని ర్యోకాన్‌లలో భోజనం లేకుండా గది మాత్రమే ఇస్తారు, 'సుదొమారి' అని అడగండి, బాగా తగ్గుతుంది. కినొసాకి అనే వేడినీటి బుగ్గల ఊళ్లో అయితే అందరూ వెళ్లే స్నానశాలలు ఉన్నాయి, ఆ ఊళ్లో బస చేసేవాళ్లకి ఉచితం. యుకతా (పల్చటి నూలు కిమోనో) కట్టుకుని సాయంత్రమంతా తిరగొచ్చు.

జవాబు: కోయాసాన్ అనే కొండమీది బౌద్ధ ఆలయాల్లో బస చాలా బాగుంటుంది, శాకాహారం, తెల్లవారుజామున ప్రార్థన. చవక మాత్రం కాదండి.