అప్‌డేట్: నందివర్ధనానికి తెల్లంచు మళ్లీ వచ్చింది

నాలుగు నెలల కిందట అడిగాను కదా, మా వేరిగేటెడ్ (ఆకులకు తెల్లంచు ఉండే రకం) నందివర్ధనంలో ఒక పక్కంతా ఉత్త పచ్చ ఆకులే వస్తున్నాయి, పూలు కూడా తగ్గాయి, ఏం చేయాలని. మొక్క కోలుకుంది. జవాబు చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

పచ్చకు తిరిగిన కొమ్మల్ని పుట్టిన చోటికంటా కోసేయమన్న సలహాయే అసలు పనిచేసింది. పచ్చ ఆకులో పత్రహరితం ఎక్కువ కాబట్టి ఆ కొమ్మలు జోరుగా పెరిగి తెల్లంచు కొమ్మల్ని కమ్మేస్తాయి. మొదటిసారి మనసొప్పక పైపైన కత్తిరించాను, మిగిలిన మోడు నుంచి మళ్లీ పచ్చ చిగుళ్లే వచ్చాయి. రెండోసారి మొదలంటా తీసేశాను. పాలు బాగా కారతాయి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కళ్లు తాకకండి.

నత్రజని ఎరువు ఆపి, బాగా మాగిన కంపోస్టు వేశాను. మధ్యాహ్నం తర్వాతి ఎండకు ఆకుల తెల్ల భాగం మాడుతోందని పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టాను. పొద్దుటి ఎండ మాత్రం తగలనిస్తున్నాను, మరీ నీడైతే మొగ్గలు రావు.

ఇప్పుడు కొత్త చిగుళ్లన్నీ తెల్లంచుతోనే వస్తున్నాయి, చివర్లలో మొగ్గలు గుత్తులుగా ఉన్నాయి. నిన్న అడుగున ఇంకో పచ్చ చిగురు కనిపిస్తే, లేతగా ఉండగానే గిల్లేశాను.