మోసే భూమి తగాదా: రిజిస్టర్ గెలిచిందా, సాక్షులా?

ఈజిప్టులోని సక్కారాలో, ప్రాచీన లేఖకుడు మోసే సమాధి గోడ మీద చెక్కిన దావా దగ్గర ఆగిపోయాను. అహ్మోస్ రాజు మోసే పూర్వీకుడు నెషీకి ఇచ్చిన భూమి అది. వారసులు తరతరాలుగా కొట్టుకున్నారు. రెండవ రామ్‌సెస్ పాలన 18వ ఏట రిజిస్టర్లు తీయిస్తే మోసే తల్లి నుబ్నోఫ్రెట్ పేరే లేదు. అవతలివాడు ఖాయ్ గెలిచాడు. తర్వాత మోసే అది దొంగ రికార్డని వాదించి, మేకల కాపరితో సహా ఊరివాళ్లను తెచ్చి, ఆ పొలం దున్నింది తన తండ్రి హుయ్ అని ప్రమాణం చేయించాడు.

1905 నాటి ఇంగ్లీషు అనువాదం రెండుసార్లు చదివాను, తీర్పు భాగం దొరకలేదు. (ఓడిన దావాను సమాధి మీద ఎవరు చెక్కించుకుంటారు!) డెయిర్ ఎల్-మదీనా (రాజ సమాధులు కట్టిన పనివాళ్ల ఊరు)లో దొరికిన కుండ పెంకుల మీది కేసులూ తిరగేశాను, గాడిదల బాకీలే ఎక్కువ కనిపించాయి.

ప్రాచీన ఈజిప్టులో సాక్షుల ప్రమాణం సర్కారు రిజిస్టరును తోసేసిన మరో భూమి కేసు మీకెవరికైనా తెలుసా?