రోమ్‌లో ఒక్క రోజు, 40 యూరోలు: కొలోసియం టికెట్టా, కూర్చుని భోజనమా?

మైన్జ్ మాస్టర్స్:
జర్మనీలోని మైన్జ్‌లో చదువుకుంటున్నాను. నవంబరులో ఒక శనివారం రోమ్‌లో ఉంటాను. హాస్టల్, ఎయిర్‌పోర్ట్ బస్సు పోగా చేతిలో 40 యూరోలు. కొలోసియం, ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పక్కనున్న పాలటైన్ కొండ కలిపి టికెట్ 18. అది కొంటే రోజంతా చేతిలో పట్టుకుని తినేవాటితో గడపాలి. కొనకపోతే ఒక పూటైనా ఊరివాళ్లు తినే చోట కూర్చుని తినొచ్చు. నాతో వచ్చే స్నేహితురాలు శాకాహారి. ఏది వదులుకోమంటారు?

గోదారి గట్టు:
తమ్ముడూ, టికెట్ వదిలెయ్. కొలోసియం గొప్పది కాదని కాదు, నీ దగ్గరున్నది ఒక్క నవంబరు పగలు. చలికాలంలో కొలోసియం నాలుగున్నరకే మూసేస్తారు, ఐదింటికి అటూఇటూగా పొద్దుగూకుతుంది. ఆ మూడు చోట్లూ తీరిగ్గా చూడాలంటే నాలుగైదు గంటలు కావాలి. అంటే ఉన్న వెలుతురులో సగం అక్కడే అయిపోతుంది. 18 యూరోల కంటే అది ఎక్కువ ఖర్చు.

రోమ్‌లో అసలైనవి చాలావరకు ఉచితం. సెయింట్ పీటర్స్ బసిలికా పొద్దున ఏడింటికి తెరుస్తారు. అప్పుడే వెళ్తే సెక్యూరిటీ లైను చిన్నగా ఉంటుంది. లోపల కుడివైపు మొదట్లోనే మైకెలాంజిలో చెక్కిన పియెటా శిల్పం ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. అక్కడి నుంచి టైబర్ నది దాటి నడుచుకుంటూ పియాజ్జా నవోనా చౌరస్తాకి రా. బెర్నీని అనే శిల్పి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ మీద నైలు, డాన్యూబ్, ప్లాటా నదులతో పాటు మన గంగ కూడా ఉంది, చేతిలో తెడ్డుతో. 1651లో పూర్తయింది.

పక్క సందుల్లోనే సాన్ లూయిజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి. ఎడమవైపు చివరి చాపెల్‌లో (చిన్న ప్రార్థన గది) మూడు గోడల మీదా కరవాజ్జో అనే చిత్రకారుడి బొమ్మలు, మూడూ క్రీస్తు శిష్యుడు సెయింట్ మాథ్యూ కథే. లోపల చీకటిగా ఉంటుంది. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే దీపాలు వెలుగుతాయి. ఎడమ గోడ మీద బల్ల చుట్టూ కూర్చుని డబ్బులు లెక్కపెట్టుకుంటున్న మనుషులు, కుడి నుంచి వాలుగా పడే వెలుగు, దానితో పాటు చాచిన క్రీస్తు చెయ్యి. ఒక కుర్రాడు అసలు తలెత్తడు, నాణేల మీదే చూపు. కాసేపటికి దీపం ఆరిపోతుంది. ఎవరో ఒకరు మళ్లీ చిల్లర వేస్తారు. ఆ కాసేపూ పక్కవాడెవడో తెలియకపోయినా అందరం కలిసి చూస్తాం. 1600 నాటి ఈ బొమ్మలు ఏ మ్యూజియంలోనో ఉంటే టికెట్ పెట్టేవాళ్లు.

చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు. భోజనానికి కూర్చోవాల్సింది సరిగ్గా ఆ టైములోనే.

ఓరుగల్లు:
అన్నా, నేనైతే ఒప్పుకోను. రోమ్ దాకా పోయి కొలోసియం లోపలికి పోకుండ ఎట్ల వస్తరు? బయటి నుంచి చూస్తే గోడ కనిపిస్తది, అంతే. లోపలికి పోతే నేల చాలావరకు లేదు, కింద అరలన్నీ తెరుచుకుని ఉంటయి. జంతువులను, గ్లాడియేటర్లను పైకి తెచ్చిన దారులు అవి. అసలు ఇది ఎట్ల నడిచిందో అప్పుడు సమజైతది. చక్రవర్తి వెస్పాసియన్ మొదలుపెడితే కొడుకు టైటస్ క్రీ.శ. 80లో తెరిచిండు.

ఇంకొకటి, అదే టికెట్ మీద ఫోరమ్ ఉంది. జూలియస్ సీజర్‌ను దహనం చేసిన చోట ఇప్పటికీ జనం పూలు పెట్టిపోతరు. అది దగ్గర నిలబడి చూడాల్సింది. పాస్తా మైన్జ్‌ల దొరకదా? రెండు వేల ఏండ్ల రాయి మైన్జ్‌ల దొరుకుతదా?

గోదారి గట్టు:
మైన్జ్ కూడా రోమన్లు కట్టిన ఊరే, అక్కడా వాళ్ల రాళ్లున్నాయి. కానీ నీ మాటలో బలముంది, కాదనను. ఫోరమ్‌లో నడవడం వేరు. కాకపోతే కాపిటోల్ కొండ మీద మైకెలాంజిలో గీసిన చౌరస్తా ఉంది కదా, దాని వెనక్కి వెళ్తే ఫోరమ్ మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. సెప్టిమియస్ సెవెరస్ ఆర్చి, శాటర్న్ గుడి స్తంభాలు, ఆ చివర కొలోసియం. పైసా ఖర్చులేదు.

పాస్తా దగ్గర మాత్రం నీతో ఏకీభవించలేను. బయటి ఊళ్లలో క్రీమ్ పోసి ఇచ్చే కార్బొనారా పాస్తా వేరు, గ్వాంచాలె అనే పంది దవడ మాంసం, గుడ్డు, పెకొరీనో చీజ్‌తో రోమ్‌లో చేసేది వేరు. ఒక ఊరిని తెలుసుకోవడమంటే కట్టడాలే కాదు, ఆ ఊరి వంట కూడా. పేద విద్యార్థి అనగానే రాళ్లు చూసి కడుపు మాడ్చుకోవాలని ఎందుకనుకుంటాం?

లెక్క ఇదిగో: సిటీ బస్సు టికెట్లు రెండు 3, పొద్దున కాఫీ, కొర్నెట్తో అనే తియ్యటి రొట్టె కలిపి 3, మధ్యాహ్నం భోజనం 18, జెలాటో ఐస్‌క్రీమ్ 3, రాత్రి పిజ్జా ముక్క 6. మొత్తం 33. పాంథియన్ అనే పాత రోమన్ గుడికి 2023 జులై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు, అది కలిపితే 38.

టూరిన్ కోడలు:
నేను ఇటలీలోనే ఉంటానండి, శాకాహారిని. స్నేహితురాలి గురించి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాస్తున్నాను. కాచో ఎ పెపె అని మిరియాలు, చీజ్‌తో చేసే పాస్తాని అందరూ శాకాహారం అంటారు. కానీ పెకొరీనో రొమానోని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. పార్మిజానో చీజ్‌కి దూడది. పట్టింపు ఉన్నవాళ్లకి ముందే తెలియడం మంచిది. అరాబ్యాతా పాస్తా అడగండి: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. పైన చీజ్ వద్దని చెప్పాలి. మన నాలుకకి కారం తక్కువే, రుచి మాత్రం బావుంటుంది. పిజ్జాల్లో మరినారాకి చీజే ఉండదు. సుప్లీ చూడ్డానికి అన్నం బోండాలా ఉంటుంది, లోపల చాలాచోట్ల మాంసం సాస్ ఉంటుంది, అడిగి తీసుకోండి. ఆర్టిచోక్ అనే పూమొగ్గ కూర వేపుడు దొరికితే వదలకండి, యూదుల పాత వాడలో చేసే పద్ధతి, రేకులు కరకరలాడతాయి.

పిజ్జా అల్ తాల్యో కొట్లో వేలితో ఎంత కావాలో చూపిస్తే కత్తెరతో కోసి తూచి ఇస్తారు. రాసి ఉన్న ధర కిలోకా, వంద గ్రాములకా చూసుకోండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర, ఇది మోసం కాదు. మోసపోయేది చేపల దగ్గర: మెనూలో చాలాచోట్ల ఉండేది వంద గ్రాముల ధర, ప్లేటు ధర కాదు. బిల్లులో బ్రెడ్డుకి మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు, అదీ లెక్కలో పెట్టుకోండి. నీళ్ల సీసా కొనక్కర్లేదు, వీధుల్లో నసోనే కుళాయిలు రాత్రింబవళ్లు పారుతుంటాయి. ముక్కులా ఉన్న గొట్టాన్ని కింద వేలితో మూస్తే పైనున్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి.

మైన్జ్ మాస్టర్స్:
అక్కా, చాలా థాంక్స్. 25 ఏళ్ల లోపు వాళ్లకి కొలోసియం 2 యూరోలే అని ఎక్కడో చూశాను. నాకు 23.

టూరిన్ కోడలు:
అది యూరోపియన్ యూనియన్ పౌరులకి తమ్ముడూ. జర్మనీ రెసిడెన్స్ కార్డు చూపిస్తే కుదరదు. మనకి 18 యూరోలే.

ఓరుగల్లు:
అట్లయితే ఒక మాట. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఉచితం, కొలోసియం, ఫోరమ్, పాంథియన్ గూడ. తారీఖు ఆ ఆదివారానికి జరపగలిగితే లోపలికీ పోవచ్చు, అన్న చెప్పిన భోజనమూ చేయొచ్చు.

గోదారి గట్టు:
ఉచితం అనేసరికి ఆ ఆదివారం ఊరంతా అక్కడే ఉంటుంది. పొద్దున్నే లైన్లో నిలబడే ఓపిక ఉంటే వెళ్లు, లేకపోతే శనివారమే నయం. సాయంత్రం కొలోసియం దగ్గరికి వెళ్లేముందు సాన్ పియెత్రో ఇన్ విన్కోలి చర్చిలో మైకెలాంజిలో చెక్కిన మోజెస్ విగ్రహాన్ని చూడు, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ తెరుస్తారు. స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోకండి, 2019 నుంచి 250 యూరోల దాకా జరిమానా.