అప్‌డేట్: బస్ స్టాప్ తీసేసిన స్కూల్ బోర్డు మినిట్స్ దొరికాయి (జార్జియా)

అమెరికాలోని జార్జియాలో మా చిన్న కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ మా వీధి బస్ స్టాప్ తీసేసిందని, బోర్డు ఎప్పుడు తేల్చిందో చూద్దామంటే వెబ్‌సైట్‌లో మినిట్సే (మీటింగ్‌లో ఏం తేల్చారో రాసిపెట్టే రికార్డు) లేవని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఓపెన్ రికార్డ్స్ అభ్యర్థనే, అంటే మన ఆర్టీఐ లాగా ప్రభుత్వ కాగితాలు ఇవ్వమని అడగడం. "బస్సుల సమాచారం అంతా ఇవ్వండి" అనకుండా, ఫలానా నెల మీటింగ్ మినిట్స్, వాటికి జతచేసిన కాగితాలు కావాలని ఈమెయిల్ పెట్టాను. చట్టం ప్రకారం 3 పనిదినాల్లో స్పందించాలి, స్పందించారు. వెతకడానికి పట్టే మొదటి పావుగంటకు ఛార్జీ లేదు కాబట్టి పైసా ఖర్చవలేదు.

మనలో కొందరు అనుమానించినట్టు తలుపులు మూసుకుని తేల్చింది కాదు. కన్సెంట్ అజెండాలో, అంటే చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదించే జాబితాలో, ఫీల్డ్ ట్రిప్పులకూ పాత కుర్చీల వేలానికీ మధ్య "రూట్ల సర్దుబాటు" అని ఒకే ఒక్క లైను. భలే ఇరికించారు! మా ఏరియా బోర్డు సభ్యురాలికి ఆ పేజీ పంపితే, తర్వాతి మీటింగ్‌లో విడి అంశంగా పెట్టించారు. స్టాప్ తిరిగొచ్చింది.

లాయర్ అక్కర్లేకపోయింది. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాళ్లు ఇలా రికార్డులు అడగొచ్చా అన్న నా టెన్షన్ కూడా దండగే, వీసా ఊసే ఎవరూ ఎత్తలేదు. రాష్ట్ర విద్యాశాఖకు రాస్తే మాత్రం "అది స్థానిక బోర్డు చూసుకునే విషయం" అని జవాబొచ్చింది.