తక్కువ ధర .22 లివర్ రైఫిల్: జింక్ పోత మీద రంగు వేసి అమ్మడం సరైనదేనా?

ఎంవీపీ కాలనీ:
మాస్టార్లందరికీ నమస్కారం. మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో రేంజ్‌కి వెళ్లి కాల్చడం అలవాటైంది, ఇప్పుడు సొంతంగా ఒక .22 (చిన్న తూటాల) లివర్ యాక్షన్ రైఫిల్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడిని కిందకి తిప్పి తూటా ఎక్కించే రకం, కొనుక్కుంటానంటున్నాడు. వాడు అనుకున్న డబ్బుకి హెన్రీ కంపెనీ హెచ్‌001 వస్తుంది. షాపులో దాన్ని చేతిలోకి తీసుకుని చూశాక నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, బ్యారెల్ నలుపు ఒకలా ఉంది, రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ లాంటివి ఉండే మధ్య భాగం) నలుపు ఇంకోలా ఉంది. ఏంటని అడిగితే రిసీవర్ కవర్ జింక్, పైన రంగు వేస్తారు అన్నారు" అని డీలా పడిపోయాడు. మా నాన్నగారి లైసెన్స్ మీద ఉండే పాత రైఫిల్‌ని చూస్తూ పెరిగినవాడు. తుపాకీ అంటే మొత్తం ఉక్కే ఉండాలని వాడి లెక్క.

మన దగ్గర తుపాకుల ప్రైవేటు దిగుమతులు 1980ల నుంచి దాదాపు ఆగిపోయాయి, పేరున్న షూటర్లకు తప్ప. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలే ఉండాలి. కాబట్టి ఇది మనం కొనే వస్తువు కాదు. అయినా షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్, డాక్‌యార్డ్ ఉన్న ఊళ్లో లోహం సంగతి అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం? వాడికి ఏం చెప్పమంటారు?

మల్కాపురం:
వద్దని చెప్పండి. డబ్బు కూడబెట్టుకుని, కాస్త ఆగి, పాత మార్లిన్ 39ఏ ఒకటి వెతుక్కోమనండి. దాని రిసీవర్‌ని ఫోర్జ్ చేసిన (కాల్చి, దెబ్బలతో మలిచిన) ఉక్కు దిమ్మలోంచి మిల్లింగ్ చేసి (యంత్రంతో చెక్కి) తీసేవారు. పక్కన ఒక్క పెద్ద స్క్రూ ఉంటుంది, నాణెంతో తిప్పినా వస్తుంది. అది విప్పితే రైఫిల్ రెండు ముక్కలు, లోపలంతా శుభ్రం చేసుకోవచ్చు. మార్లిన్ వాళ్లు .22 లివర్ రైఫిళ్లు 1891 మోడల్ నాటి నుంచి చేస్తూ వచ్చారు. వించెస్టర్ 9422 కూడా అంతే, 1972 నుంచి 2005 దాకా వచ్చింది, అదీ ఫోర్జ్ చేసిన ఉక్కే. అవి కొన్నవాళ్ల మనవలు ఇవాళ కాలుస్తున్నారు. పాతది కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. 2007లో మార్లిన్ రెమింగ్టన్ చేతికి వెళ్లింది, ఆ తర్వాత పాత ఫ్యాక్టరీ మూసేశారు. ఆ మార్పు రోజుల్లో వచ్చిన మార్లిన్‌ల ఫిట్టింగ్ గురించి అమెరికాలో చాలామంది గోల పెట్టారు. అంతకుముందువి తీసుకోవాలి.

రంగు వేసిన జింక్ అంటే నాకు ఒకటే అర్థమవుతుంది. కొనేవాడికి ఉక్కులా కనిపించాలి, అమ్మేవాడికి ఉక్కు ఖర్చు కాకూడదు. ఇది నాకు నచ్చదు.

ఆటోనగర్ పోత పని:
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. నేను రోజూ చేసే పని డై కాస్టింగ్ (కరిగిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి, అంటే డైలోకి, పంపి పోత పోయడం), అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జింక్ మిశ్రమాలకు చెడ్డ పేరు ఊరికే రాలేదు. వంద ఏళ్ల కిందటి జింక్ పోతల్లో సీసం లాంటి మలినాలు ఉండేవి. కొన్నేళ్లకి లోపల్నుంచే పగుళ్లు వచ్చి, ఉబ్బి, చేతిలో పొడి అయ్యేవి. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ వాళ్లు 99.99 శాతం శుద్ధమైన జింక్‌లో సుమారు 4 శాతం అల్యూమినియం కలిపి జమాక్ అనే మిశ్రమం తయారు చేశాక ఆ జబ్బు పోయింది. మన మింది జింక్ స్మెల్టర్ నడిచిన రోజుల్లో శుద్ధత విలువేంటో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. జమాక్ 385 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అల్యూమినియం అయితే 660 కావాలి. తక్కువ వేడి కాబట్టి డై ఎక్కువ కాలం నిలుస్తుంది. పలుచని గోడలు, సన్నని గాడులు అచ్చులోంచే నేరుగా వచ్చేస్తాయి, మిల్లింగ్ పెద్దగా అక్కర్లేదు. ధర తగ్గేది ఇక్కడే.

ఇప్పుడు బలం సంగతి. .22 లాంగ్ రైఫిల్ తూటాకి గరిష్ఠ ఒత్తిడి 24,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పెద్ద వేట తూటా .30-30 కి 42,000. తేడా రెండింతలు కూడా లేదే అనిపిస్తుంది. కానీ బోల్ట్ (తూటా వెనక మూసి ఉంచే దిమ్మ) మీద పడే తోపుడు ఒత్తిడితో పాటు తూటా వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. .22 కేస్ (తూటా తొడుగు) వ్యాసం అంగుళంలో పావు కూడా లేదు. లెక్క వేస్తే .30-30 బోల్ట్ మీద పడేది దీనికి ఐదారు రెట్లు. ఆ కొద్ది తోపుడు కూడా ఉక్కు బోల్ట్ మీదే పడుతుంది, పేలుడు ఒత్తిడి ఉక్కు బ్యారెల్‌లోనే ఉంటుంది. కవర్ చేసే పని లోపలి భాగాల్ని కప్పి ఉంచడం, పైన స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించడానికి గాడి ఇవ్వడం. ఆ పనికి ఫోర్జింగ్ పెట్టడం నా దృష్టిలో దుబారా.

అలాగని జింక్‌ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. దానికి రెండు నిజమైన బలహీనతలున్నాయి. ఎడతెగకుండా బరువు మోస్తే మెల్లగా సాగుతుంది, దాన్నే క్రీప్ అంటాం. రెండోది థ్రెడ్. జింక్‌లో కోసిన థ్రెడ్‌లోకి ఉక్కు స్క్రూ పెట్టి ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే థ్రెడ్ మొత్తం లేచి వచ్చేస్తుంది. స్క్రూ బయటికి తీసి చూస్తే దాని గాడుల్లో బూడిదరంగు చుట్టలు పట్టుకుని ఉంటాయి. ఆ కంతకి ఇక పట్టు ఉండదు, లోపల ఉక్కు మరచుట్ట (ఇన్సర్ట్) వేసుకోవాల్సిందే. నాణ్యత చూసేవాళ్లు చూడాల్సింది ఇవే: ఏ స్క్రూ దేంట్లోకి దిగుతోంది, ఏ భాగం మీద బరువు నిరంతరం ఉంటోంది.

మల్కాపురం:
బాగా చెప్పారు బాబూ. తోపుడు లెక్క నాకు కొత్త కాదు, ఒప్పుకుంటున్నాను, .22 జింక్ కవర్‌ని బద్దలు కొట్టదు. నా అభ్యంతరం బలం మీద కాదు. గీత పడితే ఏం చేస్తారు? ఉక్కు రిసీవర్ అయితే ఎమిరీ పేపర్‌తో రుద్ది, మళ్లీ బ్లూయింగ్ (రసాయన ద్రావణంతో నల్లబరచడం) చేయిస్తే కొత్తదవుతుంది. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పుల ద్రావణం 140 డిగ్రీల దగ్గర మరుగుతూ ఉంటే అందులో ముంచుతారు. జింక్‌ని అందులో వేస్తే కాస్టిక్ దాన్ని తినేస్తుంది. గీత పడ్డ చోట తెల్లగా, బూడిదరంగులో లోహం కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ రంగే పూయాలి. మరమ్మతు చేసుకోలేని వస్తువుని నాణ్యమైనదని ఎలా అంటాం?

ఆటోనగర్ పోత పని:
మరమ్మతు విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ బ్లూయింగ్‌కి ఇచ్చే మర్యాద కొంచెం ఎక్కువేమో మాస్టారూ. బ్లూయింగ్ అంటే ఉక్కు మీద తెచ్చిన పలుచని నల్ల తుప్పే కదా, నూనె లేకపోతే దానంతట అది దేన్నీ ఆపదు. ఆర్కే బీచ్ ఎదురుగా ఉండే ఇళ్లలో గ్రిల్స్ చూడండి, రంగు వేసిన ఏడాదికే కీళ్ల దగ్గర ఎర్రగా పొడలు. ఆ గాలిలో బ్లూయింగ్ చేసిన ఉక్కుని ఒక వానాకాలం తుడవకుండా వదిలేస్తే వేలిముద్రల ఆకారంలోనే తుప్పు వస్తుంది. రంగు వేసిన జింక్‌కి ఎర్ర తుప్పు రాదు. గీత పడ్డ చోట తెల్లటి బూజులాంటిది వస్తుంది గానీ లోపలికి అంత తొందరగా పోదు. సముద్రం పక్కన ఉండేవాడికి ఇది చిన్న విషయం కాదు.

భీమిలి నుంచి ఫ్రిస్కో:
ఇక్కడ టెక్సాస్‌లో నా దగ్గర రెండున్నాయి: హెచ్‌001, బ్రౌనింగ్ బీఎల్-22. రెండో దాన్ని జపాన్‌లో మిరోకు వాళ్లు చేస్తారు. రిసీవర్ ఉక్కే, పాలిష్ అద్దంలా ఉంటుంది. లివర్ 33 డిగ్రీలు తిప్పితే చాలు, ట్రిగ్గర్ కూడా లివర్‌తో పాటే కిందకి వస్తుంది. పట్టుకున్న చేయి స్టాక్ (రైఫిల్ కర్ర భాగం) మీద నుంచి కదపకుండానే తర్వాతి తూటా ఎక్కించేయవచ్చు. పనితనం కావాలనుకునేవాళ్లకి అదే. కానీ ధరలో తేడా చాలా పెద్దది.

హెచ్‌001 గురించి ఒకటి ఖచ్చితంగా చెప్పగలను. లివర్ నడక చాలా మెత్తగా ఉంటుంది, పెట్టెలోంచి తీసిన రోజు నుంచే. ఆ ధరలో వాల్‌నట్ స్టాక్ ఇవ్వడం మంచి విషయం. బరువు 5 పౌండ్ల పైన కొంచెం, బ్యారెల్ కింద తూటాలు నింపే ట్యూబ్‌లో 15 లాంగ్ రైఫిల్ తూటాలు పడతాయి. నాకు నచ్చనిది జింక్ కాదు, ముందు సైట్ (గురి చూసే ముల్లు), బ్యారెల్ బ్యాండ్ (బ్యారెల్ చుట్టూ ఉండే పట్టీ) ప్లాస్టిక్‌లో చేయడం. ఆదా చేయకూడని చోట ఆదా చేసినట్టనిపిస్తుంది. గురి కుదిరేది సైట్‌తో, రైఫిల్ కిందపడితే ముందు నేల తగిలేదీ అదే.

ఇంకో మాట. గోల్డెన్ బాయ్ అని పచ్చగా మెరిసేది చూసి మీవాడు మోజుపడవచ్చు. దాని రిసీవర్ కవర్‌ని బ్రాస్‌లైట్ అంటారు. నిజం ఇత్తడి కాదు, మిశ్రమం మీద ఇత్తడి రంగు పూత. అమెరికా వాడకందార్లకి కూడా చాలామందికి ఈ సంగతి కొన్నాక తెలుస్తుంది. పూత కాబట్టి గట్టి పాలిష్ పెట్టి రుద్దకూడదు. దాని మీద మాత్రం మల్కాపురం మాస్టారి కోపంలో నాకూ వాటా ఉంది.

ఎంవీపీ కాలనీ:
ఇంకా చవకగా బ్రెజిల్‌ది రోసీ రియో బ్రావో, ఇటలీది చియాపా కూడా చూశాడట. వాటి సంగతేంటి?

భీమిలి నుంచి ఫ్రిస్కో:
రెండిటి రిసీవర్లూ అల్లాయ్‌వే. రోసీ ప్లాస్టిక్ స్టాక్‌తో కూడా వస్తుంది, తేలిగ్గా ఉంటుంది. చియాపా రెండు ముక్కలుగా విడదీసుకోవచ్చు. కాల్చిన అనుభవం లేదు కాబట్టి ఇంతకంటే చెప్పను. ఏది కొన్నా షాపులో ఇవి చూడమనండి. ముందు షాపువాళ్లని అడిగి, ఛాంబర్ (కాల్చే తూటా కూర్చునే గది), ట్యూబ్ ఖాళీగా ఉన్నాయని తనే చూసుకోవాలి. లివర్ మెల్లగా ఒకసారి, గబగబా ఒకసారి తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడాలి. స్టాక్ రిసీవర్‌ని కలిసే చోట కర్రకీ లోహానికీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందా? ట్యూబ్ లోపలి ఇత్తడి గొట్టం నొక్కి తిప్పితే గట్టిగా లాక్ అవుతోందా? బ్యారెల్ కొన ఎదురు వెలుతురులో పెట్టి చూస్తే చుట్టూ అంచు సమంగా ఉందా? .22కి రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) ముగిసే ఆ అంచు బాగుంటే సగం పనైనట్టే.

ఆటోనగర్ పోత పని:
స్కోప్ పెట్టేటట్టయితే రింగుల స్క్రూలకి ఎంత బిగించాలో చూపే టార్క్ డ్రైవర్ వాడమనండి. చేతి అంచనాతో బిగిస్తే ఆ జింక్ గాడి అంచులు నొక్కుకుపోతాయి. వేసిన వెంటనే బాగానే ఉంటుంది, కొన్ని వందల తూటాల తర్వాత స్కోప్ జరుగుతుంది, తప్పు రైఫిల్‌ది అనుకుంటారు. మా షాపుకి వచ్చే పాత యంత్రభాగాల్లో చెడిపోయినవి ఎక్కువ ఇలా బిగించి చెడగొట్టినవే.

ఎంవీపీ కాలనీ:
ఇదంతా వాడికి పంపించాను. శనివారం మళ్లీ షాపుకి వెళ్తాడట. హెచ్‌001 వైపే మొగ్గు చూపిస్తున్నాడు, ముందు సైట్ లోహంది పెట్టించుకునే వీలుందేమో కనుక్కుంటానన్నాడు.

మల్కాపురం:
వాడి డబ్బు, వాడిష్టం. వెళ్లినప్పుడు అదే షాపులో పాత 39ఏ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని, లివర్ తిప్పి చూడమనండి. తర్వాత ఏది కొన్నా ఫరవాలేదు.