చలికాలం చీకట్లో ఏ తెలుగు పుస్తకం పట్టుకోవాలి?

నమస్కారం అండీ. ఆగస్టులో ఎం.ఎస్.కి చికాగో వచ్చాను. గడియారాలు వెనక్కి తిప్పిన దగ్గర్నుంచి సాయంత్రమంటే గుబులుగా ఉంటోంది. నాలుగున్నరకే చీకటి. నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. అమ్మతో బాగానే ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేస్తున్నా. ఇంటర్ దాకా కథల పుస్తకాలు తెగ చదివేదాన్ని. ఇప్పుడు ఏది మొదలుపెట్టమంటారు?

*

తల్లీ, ముందు ఒక మాట. నిద్ర లేక, తిండి సయించక రోజులు గడుస్తుంటే మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్లు. బతకాలనిపించకపోతే ఆ క్షణమే 988కి, అంటే అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలొచ్చినవాళ్లకి సాయం చేసే నంబరుకి, ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఆ పని పుస్తకం చెయ్యలేదు.

ఎవరో గొప్పదన్నారని ఈ చలిలో 'అసమర్థుని జీవయాత్ర' మాత్రం తెరవకు. గోపీచంద్ గారంటే నాకు గౌరవమే, కానీ అందులో కథానాయకుడు సీతారామారావు గోల ఒంటరి గదిలో రాత్రిపూట పడేది కాదు. మే నెలలో చదువుకో.

'బారిష్టర్ పార్వతీశం' తెచ్చుకో. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు స్వయంగా ఎడింబరోలో చదువుకున్నవారు. అందులో మొగల్తూరు కుర్రాడు పార్వతీశం సీమకి, అంటే ఇంగ్లండుకి, బయల్దేరి అడుగడుగునా అభాసుపాలవుతాడు. ఆడవాళ్ల టోపీ కొని దర్జాగా నెత్తిన పెట్టుకున్నవాడి ముందు, కౌంటర్ దగ్గర నీ ఇంగ్లీషు తడబడటం ఒక లెక్కా? మన అవమానాలు మనకే నవ్వులాటగా కనబడటం మొదలైతే ఊళ్లో సగం కుదురుకున్నట్టే.

*

అక్కా, మీ మాట కాదనను గానీ, నాన్న పోయిన పిల్లకి నవ్వించే పుస్తకం ఒక్కోసారి ఒళ్లు మండిస్తుంది. పైగా దుఃఖంలో పది పేజీలు దాటితే ఏం చదివామో గుర్తుండదు. చెల్లెమ్మా, 'అమరావతి కథలు' చూడు. సత్యం శంకరమంచి గారివి, బాపు బొమ్మలతో, నూరు కథలు. ఒక్కోటి నాలుగైదు పేజీలే. అందులో చావులున్నాయి, ఆకలి ఉంది, అయినా కృష్ణ ఒడ్డున ఊరు నడుస్తూనే ఉంటుంది. ఆదివారం ఫోన్లో అమ్మకి ఒక కథ చదివి వినిపించు. 'బాగానే ఉన్నా' తర్వాత ఏం మాట్లాడాలో తెలియని ఇబ్బంది తప్పుతుంది.

దొరకడం కష్టం కాదు. ఒకప్పుడు మనవాళ్లు అమెరికా గోధుమలకి రూపాయల్లో కట్టిన సొమ్ముతో, పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద, 1962 నుంచి ఇక్కడి యూనివర్సిటీలకి మన భాషల పుస్తకాలు కొని పంపారు. చికాగో యూనివర్సిటీ లైబ్రరీలో తెలుగువి బోలెడు. నీది వేరే యూనివర్సిటీ అయితే మీ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడుగు, వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. కేటలాగులో తెలుగు లిపిలో దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రచయిత ఇంటిపేరు కొట్టు. పుస్తకం పేరైతే వాళ్ల స్పెల్లింగు మన ఊహకి అందదు.

*

అన్నా, రెండూ అడుగుతాను. ముందు కథలు.

*

అవి వచ్చేలోగా నా పార్వతీశాన్ని పోస్టులో పంపుతాలే. అట్ట ఊడింది, ఏమనుకోకు. అడ్రసు ఇక్కడ పెట్టకు, నాకు విడిగా రాయి.