అరవై అడుగుల రోడ్డులో ఫుట్‌పాత్, సైకిల్ దారి, బస్టాపు మూడూ ఇమడ్చడం ఎలా?

మా పట్టణంలో 18 మీటర్ల వెడల్పున్న బజారు రోడ్డును తిరిగి వేయబోతున్నారు. ముసాయిదా పటంలో చోటంతా వాహనాలకే కేటాయించినందున, కాలనీ తరఫున మేము మరో పటం సమర్పించాలనుకుంటున్నాము. ఇప్పుడున్న ఫుట్‌పాత్ అడుగున్నర ఎత్తున ఉండి, నడుమ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డుపడటంతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు బస్సులను ఒరుసుకుంటూ రోడ్డు మీదే నడుస్తున్నారు. ఇది చూస్తూ ఊరుకోలేము.

ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ, దుకాణాలున్న చోట నడకకు 2.5 మీటర్లు కావాలనీ దేశంలో రోడ్ల ప్రమాణాలను రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. ఆ లెక్కన రెండు వైపులా ఫుట్‌పాత్‌లకు 5, సైకిళ్లకు 4, వాహనాలకు 7 మీటర్లు పోగా మిగిలేది 2 మీటర్లే. సైకిల్ దారిని బస్టాపు వెనుక నుంచి తిప్పడమే క్షేమమని నా అభిప్రాయం. అయితే ప్రయాణికులు నిలబడే అరుగుకు ఆ 2 మీటర్లూ ఒక వైపే సరిపోతాయి. ఎదురెదురు స్టాపులను ముందువెనుకలుగా జరిపి, మధ్యలో రోడ్డును కాస్త వంచితే కుదురుతుందా? అలా చేస్తే పార్కింగ్‌కు చోటు మిగలదు కాబట్టి దుకాణదారులను ఎలా ఒప్పించాలి? ఇటువంటి రోడ్లపై పనిచేసిన ఇంజినీర్లు, ప్లానర్లు దయచేసి సలహా ఇవ్వగలరు.